రైలు పట్టాల మీద ప్రజాధనం: లీలాండ్ స్టాన్‌ఫర్డ్ జీవితం

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పేరు నేడు మన సరిహద్దు గ్రామాలకు కూడా కొత్త కాదు. పిల్లవాడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ పై చదువుకు అమెరికా వెళ్లాలని తలచే ప్రతి ఇంటిలోను ఆ పేరు వినిపిస్తుంది. గూగుల్ వంటి సంస్థలు పుట్టినది ఆ ప్రాంగణంలోనే. ఆ పేరు ఎవరిది, ఆ సంపద ఎక్కడిది అని విచారించినవారు మాత్రం తక్కువ. ఆ విద్యాలయం పదిహేనేళ్లకే కన్నుమూసిన ఒక బాలుని పేరిట వెలసినది. ఆ బాలుని తండ్రి లీలాండ్ స్టాన్‌ఫర్డ్. ఆయన కిరాణా వర్తకుడు, రాష్ట్ర గవర్నరు, రైలు కంపెనీ అధ్యక్షుడు, చివరకు సెనేటరు.

నేటి సాంకేతిక కుబేరులు ఏ పార్టీ వైపు మొగ్గుతున్నారు, ప్రభుత్వం నుండి వారికి ఎంత ముడుతున్నది అన్న చర్చ అన్ని దేశాలలోను సాగుతున్నది. ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టినది కాదు. నూట అరవై ఏళ్ల క్రిందట రైలే సరికొత్త సాంకేతిక విద్య. ఆనాడు ప్రభుత్వ ధనంతో రైలు వేసి కుబేరులైనవారిలో స్టాన్‌ఫర్డ్ అగ్రగణ్యుడు. ఆయన జీవితం తెలుసుకుంటే నేటి చర్చలో ఏది ముఖ్యమో, ఏది కాదో కొంత బోధపడుతుంది.

కిరాణా కొట్టు నుండి గవర్నరు పదవికి

లీలాండ్ స్టాన్‌ఫర్డ్ 1824 మార్చి 9న న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌వ్లీట్‌లో జన్మించారు. తండ్రి జోసయ్య వ్యవసాయం చేస్తూ, పూటకూళ్ల సత్రం నడుపుతూ, రోడ్డు పనుల కాంట్రాక్టులు కూడా చేసేవాడు. లీలాండ్ ఆల్బనీ నగరంలో న్యాయవాదుల వద్ద చేరి న్యాయశాస్త్రం అభ్యసించి, 1848లో న్యాయవాదిగా నమోదయ్యారు. విస్కాన్సిన్‌లోని పోర్ట్ వాషింగ్టన్ అనే చిన్న ఊరిలో ప్రాక్టీసు పెట్టారు. 1850లో జేన్ లాత్రప్‌ను వివాహమాడారు. 1852లో అగ్నిప్రమాదం జరిగి ఆయన కార్యాలయము, గ్రంథాలు దగ్ధమయ్యాయి.

అప్పటికే ఆయన సోదరులు కాలిఫోర్నియా చేరి, బంగారు గనుల వద్ద సరుకుల వ్యాపారం పెట్టారు. స్టాన్‌ఫర్డ్ కూడా అక్కడికే వెళ్లి, బంగారం తవ్వే పనికి పోకుండా, తవ్వేవారికి పిండి, పప్పు, పారలు అమ్మే పనికి పూనుకున్నారు. ఆ తరువాత శాక్రమెంటో పట్టణంలో స్థిరపడ్డారు.

అప్పుడే బానిసత్వ విస్తరణకు వ్యతిరేకంగా ఏర్పడిన రిపబ్లికన్ పార్టీకి కాలిఫోర్నియాలో పునాది వేసినవారిలో ఆయన ఒకరు. ఆనాడు ఆ రాష్ట్రంలో ఆ పార్టీకి బలం లేదు. 1857లో రాష్ట్ర కోశాధికారి పదవికి, 1859లో గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయారు. 1861లో అంతర్యుద్ధం వచ్చి ప్రత్యర్థులు చీలిపోగా గవర్నరుగా గెలుపొందారు. 1862 జనవరిలో ప్రమాణ స్వీకారం నాటికి శాక్రమెంటో వరదలో మునిగి ఉంది. కొత్త గవర్నరు పడవ మీద వెళ్లి ప్రమాణం చేయవలసి వచ్చింది.

లాభం కోసమే ఆయన ఆ పార్టీలో చేరారని అనడం న్యాయం కాదు. గెలుపు ఆశ లేని రోజుల్లోనే ఆయన అందులో ఉన్నారు. అయితే పార్టీ గెలిచాక పార్టీ ప్రయోజనం, రాష్ట్ర ప్రయోజనం, సొంత కంపెనీ ప్రయోజనం మూడూ ఒకే మనిషిలో కలిసిపోయాయి. ఏది ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలవుతుందో విడదీయడం అసాధ్యమైంది.

మైలుకు ఇంత చొప్పున

ఆనాడు అమెరికా తూర్పు తీరం నుండి కాలిఫోర్నియా చేరాలంటే బండ్ల మీద నెలల తరబడి ప్రయాణించాలి, లేదా ఓడ ఎక్కి పనామా మీదుగా చుట్టి రావాలి. సియెర్రా నెవాడా పర్వతాల మీదుగా రైలు దారి సాధ్యమేనని సర్వే చేసి నిరూపించినవాడు థియోడర్ జూడా అనే ఇంజనీరు. శాక్రమెంటోలోని నలుగురు వర్తకులు ఆయనకు పెట్టుబడి పెట్టారు. కిరాణా వ్యాపారి స్టాన్‌ఫర్డ్, ఇనుప సామాను వ్యాపారులు కాలిస్ హంటింగ్టన్, మార్క్ హాప్కిన్స్, బట్టల వ్యాపారి చార్లెస్ క్రాకర్. చరిత్రలో వీరికి పెద్ద నలుగురు అని పేరు. 1861 జూన్ 28న సెంట్రల్ పసిఫిక్ రైల్‌రోడ్ కంపెనీ నమోదయింది. స్టాన్‌ఫర్డ్ దానికి అధ్యక్షులు. కొద్ది నెలల్లోనే ఆయన గవర్నరు కూడా అయ్యారు.

ఆ నలుగురి సొంత ధనంతో పర్వతాలు దాటడం జరిగే పని కాదు. 1862 జూలై 1న అధ్యక్షుడు లింకన్ పసిఫిక్ రైల్వే చట్టంపై సంతకం చేశారు. దక్షిణ రాష్ట్రాల ప్రతినిధులు తిరుగుబాటులో కలిసి కాంగ్రెసు విడిచిపోవడంతో ఉత్తరపు దారికి అడ్డు చెప్పేవారు లేకపోయారు. కాలిఫోర్నియా చేజారకుండా ఉండాలంటే రైలు అవసరమని ప్రభుత్వం కూడా తలచింది.

ఆ చట్టం ఇచ్చిన రాయితీలు రెండు విధాలు. మొదటిది అప్పు. వేసిన ప్రతి మైలుకు చదును నేలలో 16,000 డాలర్లు, రెండు పర్వతశ్రేణుల నడుమ ఉన్న ఎగువ భూముల్లో 32,000 డాలర్లు, పర్వతాలలో 48,000 డాలర్ల విలువైన ప్రభుత్వ బాండ్లు కంపెనీకి ఇస్తారు. వాటికి ఏడాదికి నూటికి ఆరు వడ్డీ, గడువు ముప్పై ఏళ్లు. రెండవది భూమి. ప్రతి మైలుకు దారికి ఇరువైపులా కలిపి పది సెక్షన్లు. సెక్షన్ అంటే ఒక చదరపు మైలు, అనగా 640 ఎకరాలు. 1864లో చట్టాన్ని సవరించి భూమిని మైలుకు ఇరవై సెక్షన్లకు, అంటే 12,800 ఎకరాలకు పెంచారు. అంతకన్న ముఖ్యమైన మార్పు మరొకటి ఆ సవరణలో ఉంది. కంపెనీ తన సొంత బాండ్లు కూడా అమ్ముకోవచ్చు. ఆస్తిపై మొదటి తాకట్టు హక్కు ఆ బాండ్లు కొన్నవారిది. ప్రభుత్వం రెండవ స్థానంలోకి దిగింది. కంపెనీ దివాలా తీస్తే ప్రభుత్వానికి దక్కేది మిగిలిందే.

రాష్ట్రంలోనూ సాయం అందింది. శాక్రమెంటో, ప్లేసర్ కౌంటీలు కంపెనీ వాటాలు కొన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కూడా కొనాలా అని 1863లో వోటింగు జరిగినప్పుడు స్టాన్‌ఫర్డ్ సోదరుడు పోలింగు చోట నాణేలు వెదజల్లాడన్న ఆరోపణ వచ్చింది. గవర్నరు హోదాలో స్టాన్‌ఫర్డ్ కంపెనీకి మేలు చేసే శాసనాలపై సంతకాలు చేశారు. కంపెనీ న్యాయసలహాదారుడు, క్రాకర్‌కు సోదరుడు అయిన ఎడ్విన్ క్రాకర్‌ను 1863లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నియమించారు. 1863 జనవరి 8న శాక్రమెంటోలో రైలు పనికి తొలి పార మట్టి వేసినవారు కూడా గవర్నరు స్టాన్‌ఫర్డే. అది ఆయన స్వంత కంపెనీ పని.

కొండ ముందుకు జరిగిన కథ

చదును నేలకు మైలుకు 16,000, కొండకు 48,000 కాబట్టి, కొండ ఎక్కడ మొదలవుతుంది అన్నది డబ్బుతో కూడిన ప్రశ్న అయింది. శాక్రమెంటోలో నిలబడి చూసేవారికి ఆ ప్రాంతమంతా బల్లపరుపుగా కనిపిస్తుంది. అసలు ఎక్కుడు మొదలయ్యేది చాలా మైళ్ల దూరాన. అయితే పర్వతం నుండి కొట్టుకువచ్చిన ఎర్రమట్టి లోయలోని నల్లనేలతో కలిసే చోటునే పర్వతానికి అంచుగా భావించవచ్చునన్న వాదాన్ని రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త జోసయ్య విట్నీ అంగీకరించారు. ఆ చోటు ఆర్కేడ్ వాగు. అది పట్టణానికి ఏడు మైళ్ల దూరంలోనే ఉంది. లింకన్ ఆ నిర్ణయాన్ని ఆమోదించారు. చదును నేల మీద వేసిన పట్టాలకు కొండ రేటు లభించింది.

ఎర్రనేల, నల్లరేగడి కలిసే పొలిమేరలు మన రైతులు ఎరిగినవే. అక్కడ కొండ ఉన్నదని ఏ రైతూ అనడు. ఇందులో లంచం ఇచ్చినట్టు గాని, చట్టం అతిక్రమించినట్టు గాని రుజువు లేదు. చట్టంలో మాట ఉంది, మాటకు అర్థం చెప్పే నిపుణుడు ఉన్నాడు, ఆ అర్థం వల్ల లాభపడే కంపెనీ ఉంది. రాయితీల చరిత్రలో ఎక్కువ భాగం ఇలాంటి చోట్లనే జరుగుతుంది.

ఈ వ్యవహారాలతో జూడాకు సరిపడలేదు. నలుగురి వాటాలు కొనగల పెట్టుబడిదారులను వెదకడానికి ఆయన 1863లో తూర్పు తీరానికి బయలుదేరారు. పనామా దాటుతుండగా పచ్చజ్వరం సోకి నవంబరు 2న మరణించారు. వయస్సు 37 ఏళ్లు. రైలు దారి కనిపెట్టినవాడు రైలు చూడకుండానే పోయాడు.

చెమటోడ్చిన చైనీయులు

గవర్నరుగా తొలి ఉపన్యాసంలోనే స్టాన్‌ఫర్డ్ చైనా నుండి వలసను అడ్డుకోవాలని కోరారు. ఆ జాతిని హీనమైనదిగా వర్ణించారు. ఆనాటి వోటర్లకు ఆ మాటలు రుచించాయి. మూడేళ్లు తిరగకుండానే ఆయన కంపెనీకి కూలీల కరువు వచ్చింది. తెల్లవారు వెండి గనుల వైపు పోతుంటే చైనీయులను పనిలో పెట్టుకున్నారు. కొద్ది కాలానికే పదివేలకు పైబడి చైనీయులు పనిచేశారు. కూలీలలో అత్యధికులు వారే. 1865లో అధ్యక్షుడు జాన్సన్‌కు పంపిన నివేదికలో స్టాన్‌ఫర్డ్ అదే చైనీయులను ఓర్పు గలవారని, శ్రమజీవులని ప్రశంసించారు. అవసరం అభిప్రాయాన్ని మార్చింది.

కటిక గ్రానైటు శిలలో 1,659 అడుగుల శిఖర సొరంగాన్ని వారు తొలిచారు. నైట్రోగ్లిసరిన్ పేలుళ్లలో, మంచుచరియల క్రింద అనేకులు చనిపోయారు. తెల్ల కూలీలకు కంపెనీయే భోజనం పెట్టేది. చైనీయులు తమ జీతంలో నుంచి కొనుక్కోవాలి. 1867 జూన్‌లో వేల మంది చైనీయులు జీతం పెంచమని, పని గంటలు తగ్గించమని శాంతియుతంగా పని మానారు. క్రాకర్ వారికి తిండి సామాను రాకుండా ఆపించాడు. వారం రోజులలో సమ్మె ముగిసింది.

1869 మే 10న యూటాలోని ప్రోమంటరీ వద్ద తూర్పు నుండి వచ్చిన యూనియన్ పసిఫిక్ పట్టాలు, పడమర నుండి వచ్చిన సెంట్రల్ పసిఫిక్ పట్టాలు కలిశాయి. బంగారు మేకు బిగించే గౌరవం స్టాన్‌ఫర్డ్‌కు దక్కింది. సుత్తి ఎత్తి వేసిన దెబ్బ గురి తప్పిందని చెబుతారు. సెంట్రల్ పసిఫిక్ వేసిన దారి 690 మైళ్లు. నెలల ప్రయాణం వారం రోజులకు తగ్గింది. ప్రజలు పెట్టిన ధనానికి ఫలితం లేకపోలేదు. ఈ మాట ఒప్పుకోకుండా స్టాన్‌ఫర్డ్‌ను అంచనా వేయలేము.

లెక్కల పుస్తకాలు ఏమైనాయి?

సెంట్రల్ పసిఫిక్‌కు ప్రభుత్వం ఇచ్చిన బాండ్ల విలువ సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్లు. ఈ ధనం నలుగురి చేతికి చేరిన తీరు గమనించదగినది. నిర్మాణపు పనిని కంపెనీ మొదట క్రాకర్ సంస్థకు, 1867 నుండి కాంట్రాక్ట్ అండ్ ఫైనాన్స్ కంపెనీ అనే మరొక సంస్థకు అప్పగించింది. ఆ రెండవ సంస్థ యజమానులు కూడా ఈ నలుగురే. పని ఇచ్చేవారు, పని పుచ్చుకునేవారు, రేటు నిర్ణయించేవారు ఒక్కరే. రైలు కంపెనీ అప్పుల్లో ఉండగా నిర్మాణ సంస్థ లాభాల్లో ఉంది. తరువాత విచారణ జరిగేనాటికి ఆ సంస్థ లెక్కల పుస్తకాలు లేకుండా పోయాయి.

వడ్డీ విషయంలోనూ వివాదం వచ్చింది. బాండ్లు కొన్నవారికి ఆరు నెలలకొకసారి ప్రభుత్వం వడ్డీ చెల్లిస్తూ వచ్చింది. కంపెనీలు ఆ వడ్డీ వెంటనే ఇవ్వాలని ప్రభుత్వం అడిగింది. ముప్పై ఏళ్ల గడువు తీరాకనే ఇస్తామని కంపెనీలు వాదించాయి. 1875లో యూనియన్ పసిఫిక్ కేసులో సుప్రీంకోర్టు కంపెనీ వాదాన్నే అంగీకరించింది. చట్టం రాసిన తీరు అలా ఉంది. 1878లో థర్మన్ చట్టం తెచ్చి, లాభంలో కొంత భాగం బాకీ నిధికి జమ చేయాలని కాంగ్రెసు కట్టడి చేసింది.

1887లో అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ నియమించిన పసిఫిక్ రైల్వే సంఘం ఎదుట స్టాన్‌ఫర్డ్ హాజరయ్యారు. శాసనసభ్యులను ప్రభావితం చేయడానికి కంపెనీ ధనం వెచ్చించారా అన్న ప్రశ్నలకు జవాబివ్వ నిరాకరించారు. వ్యవహారం కోర్టుకు వెళ్లింది. తీర్పునిచ్చిన న్యాయమూర్తులలో ప్రముఖుడు స్టీఫెన్ ఫీల్డ్. ఆయన స్టాన్‌ఫర్డ్‌కు మిత్రుడు. 1863లో లింకన్ ఆయనను సుప్రీంకోర్టుకు నియమించడానికి సిఫారసు చేసినవారిలో స్టాన్‌ఫర్డ్ ఒకరు. పౌరుని ఆంతరంగిక వ్యవహారాలను అలా విచారించే అధికారం సంఘానికి లేదని కోర్టు చెప్పింది. సాయం అడిగినప్పుడు రైలు దేశసేవ. లెక్క అడిగినప్పుడు అది వ్యక్తిగత వ్యవహారం.

మసెల్ స్లూ రైతుల గోడు

రాయితీగా వచ్చిన భూమి ఏమైంది అన్నది మనవంటి గ్రామీణులకు మరింత ముఖ్యమైన విషయం. నలుగురి ఆధీనంలోనే ఉన్న సదరన్ పసిఫిక్ కంపెనీకి కాలిఫోర్నియా మధ్య లోయలో విస్తారంగా భూములు వచ్చాయి. అక్కడ సేద్యం చేసుకోమని కంపెనీ రైతులను ఆహ్వానించింది. ఎకరం ధర రెండున్నర డాలర్లు మొదలుకొని ఉంటుందని, రైతు చేసిన అభివృద్ధికి ధర కట్టబోమని కరపత్రాలు వేసింది. మసెల్ స్లూ అనే ప్రాంతంలో రైతులు కాలువలు త్రవ్వి, ఎండిన నేలను పచ్చని పొలాలుగా చేశారు. పట్టా మాత్రం చేతికి రాలేదు.

తీరా ధర ప్రకటించినప్పుడు చాలా భూములకు ఎకరాకు 17 నుండి 40 డాలర్ల వరకు కట్టారు. కాలువ వల్ల పెరిగిన విలువను కూడా కంపెనీయే కోరిందని రైతులు వాపోయారు. కరపత్రం కట్టుబాటు కాదని, భూమి కంపెనీదేనని 1879లో కోర్టు తీర్పు చెప్పింది. 1880 మే 11న భూములు స్వాధీనం చేయడానికి ఫెడరల్ మార్షల్ వెంట కంపెనీ మనుషులు వచ్చారు. మాటా మాటా పెరిగి తుపాకులు పేలాయి. ఏడుగురు చనిపోయారు, వారిలో ఎక్కువమంది రైతులు. ప్రభుత్వాధికారిని అడ్డుకున్నారన్న నేరానికి ఐదుగురు రైతులు ఎనిమిది నెలలు జైలులో ఉన్నారు. కొందరు కంపెనీ చెప్పిన ధరకు కొన్నారు, కొందరు ఊరు విడిచిపోయారు.

పహాణీ అనండి, చిట్టా అనండి, సాత్‌బారా అనండి, అడంగల్ అనండి, భూమి కాగితం విలువ సరిహద్దు గ్రామాలవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మసెల్ స్లూ రైతులు కాగితం రాకముందే కరపత్రాన్ని నమ్మారు.

కొడుకు పేరిట విద్యాలయం

స్టాన్‌ఫర్డ్ దంపతులకు పద్దెనిమిదేళ్ల నిరీక్షణ తరువాత 1868లో కొడుకు పుట్టాడు. తండ్రి పేరే పెట్టారు. 1884 మార్చి 13న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో విషజ్వరంతో ఆ బాలుడు మరణించాడు. దుఃఖంలో మునిగిన తల్లిదండ్రులు కాలిఫోర్నియా పిల్లలందరూ ఇక తమ పిల్లలే అనుకుని విశ్వవిద్యాలయం స్థాపించ సంకల్పించారు. 1885లో దానపత్రం రాశారు. పాలో ఆల్టో వద్ద గుర్రాలు పెంచే తమ క్షేత్రాన్ని అందుకు ఇచ్చారు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయా అని తెలుసుకోవడానికి స్టాన్‌ఫర్డ్ ఖర్చు పెట్టించి, 1878లో మైబ్రిడ్జ్ చేత వరుస ఫొటోలు తీయించినది కూడా ఆ క్షేత్రంలోనే. సినిమాకు అది ఒక తొలి మెట్టు.

1891 అక్టోబరు 1న విద్యాలయం ప్రారంభమయింది. ఆడపిల్లలకూ ప్రవేశం ఉంది. మొదట్లో బోధనా రుసుము లేదు. సహకార సంఘాల వల్ల కలిగే మేలును విద్యార్థులకు బోధించాలని కూడా దానపత్రంలో రాశారు. రైలు గుత్తాధిపతి ఇలా రాయడం చూసి ఆశ్చర్యపోయినవారున్నారు.

రైతుకు ఎందుకివ్వరాదు?

1885లో స్టాన్‌ఫర్డ్ సెనేటరు అయ్యారు. ఆనాడు సెనేటర్లను ప్రజలు కాక రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. ఆ శాసనసభలో రైలు కంపెనీ పలుకుబడి ఎంతటిదో లోకవిదితం. భాగస్వామి హంటింగ్టన్ తన మిత్రుడైన సార్జెంట్‌కు ఆ పదవి రావాలని కోరుకున్నాడు. ఈ కక్షతో 1890లో ఆయన స్టాన్‌ఫర్డ్‌ను సదరన్ పసిఫిక్ అధ్యక్ష పదవి నుండి తొలగించాడు.

ఆ సంవత్సరమే స్టాన్‌ఫర్డ్ సెనేటులో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. సాగుభూమి తాకట్టుపై, దాని విలువలో సగం వరకు, ప్రభుత్వమే నేరుగా రైతుకు అప్పు ఇవ్వాలి. వడ్డీ నూటికి రెండు. మన ఊళ్లలో నూటికి రెండు అంటే నెలకు రెండు రూపాయలు. స్టాన్‌ఫర్డ్ అన్నది ఏడాదికి రెండు. పంట ధరలు పడిపోయి, బ్యాంకుల వడ్డీలకు నలిగిపోతున్న రైతులకు ఇది ప్రాణం పోసే మాట. ప్రభుత్వం తన పరపతిని రైలు కంపెనీలకు అరువిచ్చినప్పుడు భూమిని నమ్ముకున్నవానికి ఎందుకివ్వరాదన్నది ఆ బిల్లులోని తర్కం. అంతకు మునుపు, 1886లో, కార్మికులే యజమానులయ్యే సహకార సంస్థలకు చట్టబద్ధత కల్పించే బిల్లు కూడా ఆయన తెచ్చారు.

రెండు బిల్లులూ నెగ్గలేదు. రైతు సంఘాలలో కొందరు ఆయనను అధ్యక్ష అభ్యర్థిగా కూడా తలపోశారు. మరికొందరు మసెల్ స్లూను మరచిపోలేదు. ఆయన చిత్తశుద్ధిని శంకించడానికి కారణాలున్నాయి. అయినా ఆయన వేసిన ప్రశ్న సరైనదే. రైలుకు ప్రభుత్వ రుణం వచ్చినది 1862లో. రైతు భూమికి దీర్ఘకాల రుణమిచ్చే ఫెడరల్ చట్టం వచ్చినది 1916లో. మధ్యన గడచినవి యాభై నాలుగేళ్లు.

బాకీ తీరిన తీరు

1893 జూన్ 21న స్టాన్‌ఫర్డ్ పాలో ఆల్టోలో మరణించారు. మరుసటి ఏడు ప్రభుత్వం ఆయన ఆస్తిపై కోటీ యాభై లక్షల డాలర్లకు పైగా దావా వేసింది. రైలు కంపెనీ బాకీలో వాటాదారునిగా ఆయన భాగం అది. విద్యాలయం మూతపడే స్థితి వచ్చింది. భార్య జేన్ పట్టుదల వదలలేదు. కోర్టు ఆమె ఇంటి ఖర్చుకు అనుమతించిన నెలసరి సొమ్ముతో, ఆచార్యులను ఇంటి సేవకుల లెక్కలో చూపి జీతాలిచ్చారు. నగలు అమ్మడానికి కూడా సిద్ధపడ్డారు. 1896 మార్చిలో సుప్రీంకోర్టు దావాను కొట్టివేసింది. కంపెనీ అప్పుకు వాటాదారు సొంతంగా బాధ్యుడు కావాలంటే ఆ సంగతి ఇచ్చేటప్పుడే చట్టంలో రాయవలసిందని భావం.

కంపెనీ బాకీ మాత్రం మాఫీ కాలేదు. మాఫీకి దగ్గరగా ఉన్న వాయిదాల బిల్లును హంటింగ్టన్ కాంగ్రెసులో నెగ్గించబోగా కాలిఫోర్నియా పత్రికలు, ప్రజలు గట్టిగా ఎదిరించారు. 1899లో కుదిరిన ఒప్పందం ప్రకారం అసలు, వడ్డీ కలిపి సుమారు 5 కోట్ల 88 లక్షల డాలర్లు పదేళ్లలో, 1909 నాటికి, చెల్లింపయింది. ప్రజలు పట్టుబట్టి అడిగినందువల్ల ప్రజాధనం తిరిగి వచ్చింది.

నేటి కుబేరులు, మన ప్రశ్నలు

ఆ గుర్రాల క్షేత్రం చుట్టూనే నేటి సిలికాన్ వ్యాలీ పెరిగింది. తొలి రోజులలో అక్కడి చిప్పులకు పెద్ద కొనుగోలుదారు అమెరికా రక్షణ, అంతరిక్ష శాఖలు. గూగుల్‌కు దారితీసిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనకు ప్రభుత్వ సైన్స్ సంస్థ నిధులు తోడ్పడ్డాయి. 2010లో టెస్లా 46 కోట్ల 50 లక్షల డాలర్ల ప్రభుత్వ రుణం పొంది, 2013లో గడువుకు ముందే తీర్చింది. 2022లో చిప్పుల పరిశ్రమకు 5,000 కోట్ల డాలర్లకు పైగా ప్రోత్సాహకాలతో చట్టం వచ్చింది. 2024 ఎన్నికల్లో ఈలాన్ మస్క్ 25 కోట్ల డాలర్లకు మించి వెచ్చించారు. 2025 జనవరిలో అధ్యక్షుని ప్రమాణ స్వీకారంలో సాంకేతిక కుబేరులు పలువురు ముందు వరుసలలో కనిపించారు. అంతకు ముందు వీరిలో కొందరు ఎదుటి పార్టీకి దగ్గరగా ఉన్నవారే.

స్టాన్‌ఫర్డ్ జీవితం చదివినవారికి ఇది వింత కాదు. కుబేరుడు ఏ పార్టీవాడు అన్నది కాలాన్ని బట్టి మారుతుంది. ఆయన చైనీయుల విషయంలో మారారు, సహకార సంఘాల విషయంలో మారారు. మారనిది ఒప్పందం మాత్రమే. కాగితం మీద ఏమి రాశారో, తాకట్టులో ప్రజల స్థానం ఎన్నవదో, లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందో, అదే చివరకు నిలిచింది. రాసిన చోట ప్రజలకు న్యాయం జరిగింది, రాయని చోట జరగలేదు.

సరిహద్దు గ్రామాల ప్రజలకు ఈ సంగతి మరీ అవసరం. పరిశ్రమ తమ వైపు రావాలని ఇరుగుపొరుగు రాష్ట్రాలు పోటీపడి భూమి, నీరు, విద్యుత్తు, పన్నుల మినహాయింపులు ప్రకటిస్తుంటాయి. పొలిమేరకు ఇటువైపు ఒక రేటు, అటువైపు మరొక రేటు. పరిశ్రమ వద్దనడం మన ఉద్దేశం కాదు. రైలు వద్దని నాటి కాలిఫోర్నియా రైతు కూడా అనలేదు. ఆ రైలు మీదనే అతని గోధుమలు పోవాలి. ఊరి భూమి తీసుకునేనాడు గ్రామసభలో కూర్చున్నవారు అడగవలసినవి కొన్నే. ఉద్యోగాల మాట ఒప్పందంలో ఉందా, కరపత్రంలోనే ఉందా? మాట తప్పితే భూమి తిరిగి వస్తుందా? లెక్క చూసే హక్కు ఎవరికి ఉంది? ఈ ప్రశ్నలు సంతకాలకు ముందే అడగాలి. మసెల్ స్లూ రైతులు తరువాత అడిగారు.